బొగ్గు వేసినవాళ్ళు

ముందు మీరేం చూశారో చెప్పండి. మీరేమనుకుంటున్నారో తర్వాత విందాం. చూసింది చెప్పకుండా తీర్పు చెప్పేవాడికి సాంతా రీతా పార్కులో, బాదం చెట్టు కింది సిమెంటు బల్ల మీద చోటు లేదు. వాడు ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, నిలబడి విని పోవాల్సిందే.

ఆ నియమం పెట్టింది ఎనెయిదా. ఊళ్ళో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో వయసంతా నిలబడి పనిచేసిన మనిషి. సార్డీన్ చేపల తలలు తరిగి తరిగి ఆమె వేళ్ళు వంకర్లు పోయాయి గాని నాలుక మాత్రం తిన్నగానే ఉంది. పొద్దున్నే రేషను రొట్టె కోసం వరసలో నిలబడి, తన వాటా రొట్టె సంచిలో వేసుకుని, ఇంటికి పోకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చేది. అప్పటికే మంగలి ఆర్సెనియో ఫ్లాస్కుతో కాఫీ తెచ్చి పెట్టేవాడు. రిక్షా తొక్కే తిబుర్సియో తన సైకిలు బండిని చెట్టు పక్కన ఆపి, దాని సీటు మీదే కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఒకే రేకు గ్లాసు, చేతులు మారుతూ తిరిగేది. ఇక మొదలు. నిన్నటి బేస్‌బాల్ ఆటలో రెండో బేస్ మీదికి కాలు ముందొచ్చిందా బంతి ముందొచ్చిందా అన్న దగ్గర మొదలై, ఎవరి తాత ఎంత దద్దమ్మో తేలేదాకా నడిచేది. ఊరికి కొత్తవాళ్ళు కత్తులు తీస్తారేమోనని భయపడి పక్క వీధిలోంచి వెళ్ళేవారు. పోలీసు మాత్రం దగ్గరికొచ్చి, "ఎవరు గెలుస్తున్నారక్కా?" అని అడిగి, ఓ గుక్క కాఫీ తాగి పోయేవాడు.

పార్కుకి కాస్త అవతల, సముద్రం వైపు, బేస్‌బాల్ మైదానం. ఒకే ఒక్క స్టాండు, దాని మీద జింకు రేకుల కప్పు. మూతబడిన చక్కెర గిడ్డంగి నుంచి ఊడదీసి తెచ్చి వేసిన రేకులవి. తమ కింద అరిచిన అరుపులన్నిటినీ ఆ రేకులు పట్టి ఉంచుకుంటాయి, వాన పడితే వదులుతాయి. ధారగా కురిస్తే లోలోపల ఇంకిపోయిన పాతవి ఊడిపడతాయి. వాన సన్నబడి జల్లయ్యాక పైపైన ఉన్న కొత్తవి రాలతాయి. అందుకే పెద్ద వానల్లో ముసలివాళ్ళు గొడుగులేసుకుని వచ్చి స్టాండులో కూర్చుంటారు. పోయినవాళ్ళ గొంతులు వినిపోతారు. ఎనెయిదా మొగుడు క్రెసెన్సియో బతికున్నన్నాళ్ళూ మంచి దెబ్బ పడినప్పుడల్లా పెళ్ళాన్ని మోచేత్తో పొడిచి, "ఎనెయిదా, చూశావా?" అని అరిచేవాడు. ఆమె "చూశాను" అనేది. ఇప్పుడు వానాకాలంలో రేకులు అడుగుతాయి, ఆమె జవాబు చెబుతుంది. చెప్పి, గౌను అంచుతో మొహం తుడుచుకుని, తడి చెప్పులతో ఇంటికి పోతుంది.

ఇక ఓస్నియెల్ సంగతి.

అతను మా ఊరి కుర్రాడు, మా ఊరి దెబ్బ. అతను బ్యాటు పట్టుకుని నిలబడితే గోడ అవతలి ఇళ్ళవాళ్ళు కిటికీలు మూసుకునేవారు. అంత బలంగా కొట్టేవాడు ఈ తీరంలో మళ్ళీ పుట్టలేదు. కానీ కోపం! నీళ్ళ డ్రమ్మును తన్ని సొట్ట పెట్టాడు. హెల్మెట్ తీసి అంపైరు కాళ్ళ దగ్గర విసిరికొట్టాడు. ఒకసారి అవతలి జట్టువాడి మెడ పట్టుకుంటే నలుగురు కలిసి విడదీయాల్సొచ్చింది. ప్రతిసారీ మర్నాడు బల్ల దగ్గర పంచాయితీ. ప్రతిభ ఉన్నంత మాత్రాన ఇలా ఎగురుతాడా అని ఒకడు, గుర్రానికి కళ్ళెం వేస్తే గాడిదవుతుందని ఇంకొకడు.

ఆ పంచాయితీలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. అతని మొదటి ఏడాది, స్టాండులోంచి ఎవరో అతని చెవుల గురించి వేళాకోళమాడారు. అతను మొహం జేవురించి, ఆ తర్వాతి బంతిని గోడ దాటించాడు. ఇక ఊరంతా పట్టుకుంది. వాడికి మండితేనే బంతి ఎగురుతుంది! అప్పట్నుంచీ మన జట్టు కష్టంలో ఉంటే చాలు, మనవాళ్ళే మనవాడిని రెచ్చగొట్టేవారు. దానికి 'బొగ్గెయ్యడం' అని పేరు పెట్టుకున్నారు. "బొగ్గెయ్యండ్రా, ఇంజను చల్లబడింది!" అని పై వరసలోంచి కేక. చెవులతో మొదలై, కుట్లేసిన బూట్ల మీదికి, ఆ తర్వాత అతన్ని వదిలేసి పోయిన పిల్ల మీదికి వెళ్ళింది. ఊరు చిన్నది, అందరి ఇంట్లో సంగతీ అందరికీ తెలుసు. బొగ్గుకి కొరతేముంది?

అందరిలోకీ పెద్ద బొగ్గు ఎనెయిదాది. ఫ్యాక్టరీలో మరల చప్పుడు దాటి మాట్లాడ్డం అలవాటైన గొంతు. అది మైదానం చివరిదాకా వినపడుతుంది.

ఒక ఆదివారం ఆ ఏడాది ఆఖరి ఆట. మూడు బేస్‌ల మీదా మనవాళ్ళే, ఒక్క మంచి దెబ్బ పడితే ట్రోఫీ మనదే. ఓస్నియెల్ రెండు బంతులకి గాలిని కొట్టాడు. మూడోదీ తప్పితే అవుటే. అప్పుడు ఎనెయిదా లేచి నిలబడి ఒక మాట అరిచింది. అతని తమ్ముడు దైరోన్ గురించి. ఆ పిల్లవాడు అందరిలాగే లారీ ట్యూబులో గాలి నింపుకుని, దాని మీద కూర్చుని చేపలకి వెళ్ళాడు. ట్యూబు ఒడ్డుకొచ్చింది, గేలం దానికి కట్టే ఉంది. పిల్లవాడు రాలేదు. అప్పటికి ఇంకా ఏడాది కూడా తిరగలేదు.

ఓస్నియెల్ మూడో బంతికీ గాలినే కొట్టాడు. వెనక్కి తిరిగాడు. బ్యాటును స్టాండులోకి విసిరాడు.

మర్నాడు బల్ల దగ్గర జనం ఎప్పటికన్నా ఎక్కువ పోగయ్యారు.

"చూసింది చెప్పండి," అంది ఎనెయిదా అలవాటు కొద్దీ. అన్నాక నాలుక కరుచుకుంది.

"చూసిందా?" ఆర్సెనియో లేచాడు. "మూడో బంతి పోయింది. బ్యాటు గిర్రున తిరుగుతూ వచ్చింది. పల్లీలమ్మే మామెర్తో భుజం ఎముక విరిగింది. ఇంకేం చూడాలి? నావి కళ్ళా గోళీకాయలా?"

"మూడో బంతికి ముందు?" అన్నాడు తిబుర్సియో.

"ముందు రెండో బంతి."

"రెండోదానికీ మూడోదానికీ మధ్య?"

ఆర్సెనియో కాఫీ గ్లాసులోకి చూశాడు. "మధ్యలో నేను చుట్ట వెలిగించుకుంటున్నాను. నువ్వో?"

"నేనా... నేను బండి తాళంచెవి వెతుక్కుంటున్నాను."

"నా చెప్పు తెగింది," అన్నాడు వెనక నుంచి ఇంకెవరో. ఆ క్షణాన స్టాండు మొత్తం ఏదో ఒకటి వెతుక్కుంటూనో, సర్దుకుంటూనో ఉందట. ఒక్కడి చెవులూ ఖాళీగా లేవు.

"ఏదేమైనా," ఆర్సెనియో గొంతు పెంచాడు, "బతికున్నన్నాళ్ళూ వాణ్ణి మైదానంలోకి రానివ్వకూడదు. ఆట బాగా ఆడతాడని మనుషుల ఎముకలు విరగ్గొడతాడా? నా కత్తెర బాగా తెగుతుందని నీ చెవి కోసేస్తే ఊరుకుంటావా?"

"పోయిన నెల కోశావుగా. ఊరుకున్నానుగా," అన్నాడు తిబుర్సియో.

"అది గాటురా, వెధవా!"

జనం నవ్వబోయి ఆగిపోయారు. నిన్నటి నుంచీ మా ఊళ్ళో నవ్వు గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. బల్ల చివర మామెర్తో కూర్చుని ఉన్నాడు, కుడి చెయ్యి పెళ్ళాం పూల గుడ్డలో కట్టి మెడకి వేలాడేసుకుని. పల్లీల పొట్లాలు ఎడం చేత్తో సర్దుకుంటున్నాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.

"పట్నం నుంచి కమిటీ వస్తోందిట, విచారణకి," అన్నాడు తిబుర్సియో. "అభిమానుల తరఫున ఒకరిని రమ్మన్నారు. చూసింది చెప్పడానికి."

ఒక్కసారిగా అందరూ ఎనెయిదా వైపు చూశారు, చూసి వెంటనే చెట్టు వైపు చూశారు.

"ఎనెయిదక్కే వెళ్ళాలి," అన్నాడు ఆర్సెనియో. "అక్క చూసిందే చెబుతుంది. ఊరికంతటికీ తెలుసు." ఆకాశం వైపు చూసి మళ్ళీ అన్నాడు, "వాన పడేలోపు తేల్చేస్తే మంచిది."

అన్నాక తనేమన్నాడో అతనికే వినపడింది. చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు పక్కవాడికిచ్చి, దుకాణం తెరవాలంటూ వెళ్ళిపోయాడు. అప్పుడర్థమైంది ఎనెయిదాకి. వీళ్ళందరికీ తెలుసు. అరిచిందెవరో తెలుసు, ఏమని అరిచిందో తెలుసు. తెలిసే తనని పంపుతున్నారు. తను నోరు మూసుకుని వస్తే వాళ్ళందరి నోళ్ళూ మూసినట్టే.

ఆ వారమంతా చుక్క పడలేదు. ఎనెయిదా రోజూ లేవగానే కిటికీ తెరిచి సముద్రం వైపు చూసేది. మబ్బు లేకపోతే ఊపిరి తీసుకునేది. ఊపిరి తీసుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టేది. ఈ వయసులో, ఇంత బతుకు బతికి, ఎండాకాలం కోసం దేవుణ్ణి వేడుకుంటున్న ముసలిదాన్ని ఎక్కడైనా చూశారా?

ఒక పొద్దున రొట్టెల వరసలో ఓస్నియెల్ ఆమెకి ముందు నిలబడి ఉన్నాడు. అతని ముందొకరు, వెనకొకరు, ఇద్దరూ అతన్ని తాకకుండా కాస్త దూరం జరిగి నిలబడ్డారు. ఎనెయిదా వెనక్కి పోదామనుకుంది. అతను చూశాడు.

"పిన్నీ, మీరు నా ముందుకి రండి. కాళ్ళ నొప్పులు కదా మీకు."

వాళ్ళమ్మా ఎనెయిదా ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఇద్దరు పిల్లలూ చేపల బుట్టల మధ్య ఆడుకుంటూ పెరిగారు. దైరోన్ నడక నేర్చింది ఆమె గౌను అంచు పట్టుకునే.

ఆమె ముందుకి వెళ్ళింది. వెళ్ళక ఎక్కడికి పోతుంది? వెనక్కి తిరక్కుండానే అడిగింది, "కమిటీవాళ్ళు ముందే పట్నానికి పిలిపించి అడిగారటగా, ఏం చెప్పావు నాయనా?"

"చెయ్యి జారిందని చెప్పాను."

"ఎవరైనా ఏమైనా అన్నారా అని అడగలేదా?"

"అడిగారు. ఏమీ వినలేదన్నాను. వినపడిందని చెబితే, ఏం వినపడిందో కూడా చెప్పాలి కదా పిన్నీ. అది నా నోటితో అనలేను."

రొట్టె చేతికొచ్చింది. దాని బరువెంతని! అయినా మోయలేనట్టు రెండు చేతులా పట్టుకుని ఇంటికి నడిచింది.

విచారణ నాడు ఊరంతటా కరెంటు లేదు. ఆఫీసు గదిలో చీకటి, ఉక్క. బల్ల తెచ్చి స్టాండులోనే వేశారు. పట్నం నుంచి వచ్చిన పెద్దమనిషి మధ్యలో, పక్కన మా మైదానం మేనేజరు. కింద వరసలో ఓస్నియెల్, చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని. ఊరు ఊరంతా వచ్చి ఆదివారం కూర్చున్న చోట్లలోనే కూర్చుంది. అలవాటు.

పెద్దమనిషి తిన్నగా మాట్లాడాడు. "ఈ ఆటగాడు ఇలా చేయడం మొదటిసారి కాదు. ఈసారి ఒక మనిషికి దెబ్బ తగిలింది. చెయ్యి జారిందంటాడు గాని, ఎవరూ రెచ్చగొట్టలేదని ఆయనే ఒప్పుకుంటున్నాడు. కారణం లేకుండా జనం మీదికి బ్యాటు విసిరేవాడికి ఇక జీవితంలో ఆట లేదు. అభిమానుల తరఫున చెప్పాల్సింది ఉందా?"

ఎనెయిదా లేచింది. మాట కట్టుకునే వచ్చింది. 'నేను బేస్‌ల వైపు చూస్తున్నాను, ఏమీ వినలేదు.' అంతే. అనేసి కూర్చుంటే సరిపోతుంది.

నోరు తెరిచేలోపు ఉత్తరం నుంచి గాలి లేచింది. సముద్రం మీద నల్లగా ఏదో కదిలింది. ఆ వెంటనే వాన, జల్లుగా కాదు, బకెట్లతో కుమ్మరించినట్టు, రేకుల మీద విరుచుకుపడింది.

ముందు పాతవి వచ్చాయి. ఎప్పుడో చచ్చిపోయిన చెరుకు కోతవాళ్ళ ఈలలు, ఒక గుమ్మెట మోత, 'పరుగెత్తరా, పరుగెత్తు!' అన్న ఒక ఆడగొంతు. ముసలివాళ్ళు టోపీలు తీశారు. పెద్దమనిషి కూడా తీశాడు. ఆ చప్పుళ్ళన్నిటి మధ్యలోంచి, ఎప్పుడూ వచ్చే చోటు నుంచే, పక్కన మోచేత్తో పొడిచినంత దగ్గరగా వచ్చింది.

"ఎనెయిదా, చూశావా?"

"చూశాను," అంది ఎనెయిదా.

అంది పైకే. గట్టిగా. అలవాటు కొద్దీ. స్టాండు మొత్తం విన్నది.

"ఏం చూశారమ్మా?" అన్నాడు పెద్దమనిషి.

ఆమె కప్పు వైపు చూసింది. ధార ఇంకా గట్టిగానే ఉంది. అది సన్నబడేదాకా వ్యవధి ఉంది. సన్నబడితే తను చెప్పక్కర్లేదు, రేకులే చెబుతాయి. కానీ రేకులు చెప్పాక తను చెబితే అది చెప్పడమవుతుందా? దొరికిపోవడమవుతుంది.

"నేనే అరిచాను," అంది. "వీడు రెండు బంతులు పోగొట్టాక. మండితే కొడతాడు కదా అని. మేమందరం ఎప్పుడూ చేసే పనే. నాకు పెద్ద బొగ్గు దొరికింది, వేశాను."

"ఏమని అరిచారు?"

ఓస్నియెల్ తలెత్తాడు. "వద్దు పిన్నీ," అన్నాడు మెల్లగా.

ఎనెయిదా అతని వైపు తిరిగింది. ఆ గొంతు, మైదానం దాటి వినపడే గొంతు, ఇప్పుడు పక్క వరసకి కూడా అందనంత చిన్నదైపోయింది.

"'ఒరేయ్ ఓస్నియెల్, మీ తమ్ముడొచ్చాడు, ఒళ్ళంతా తడిసిపోయాడు, తువ్వాలు పట్టుకురా' అన్నాను."

పైన వాన తెరిపిస్తోంది. ధార సన్నబడింది, చినుకు పలచబడింది, చివరికి జల్లుగా మిగిలింది. రేకులు ఆదివారాన్ని వదిలాయి. ఎనెయిదా గొంతే వచ్చింది, అదే మాట, ఇనుములాగా. ఆమె కళ్ళు మూసుకుంది, అయిపోయిందనుకుంది.

అయిపోలేదు. ఆ మాట వెనకే నవ్వు వచ్చింది.

స్టాండు నిండా నవ్వు. వరసలు వరసలుగా, పైనుంచి కిందికి దొర్లుకుంటూ వచ్చింది. అందులో ఎవరిది వాళ్ళకి వినపడింది. ఆర్సెనియోది దగ్గుతో కలిసిన నవ్వు, తిబుర్సియోది తొడ చరుచుకుంటూ నవ్వే నవ్వు. మేనేజరుది గుడ్డు పెట్టిన కోడిలాంటి నవ్వు. పెద్దమనిషి పక్కకి తిరిగి చూస్తే మేనేజరు వంగి బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ఆడవాళ్ళవి, చర్చిలో ముందు వరసలో కూర్చునేవాళ్ళవి. తలలు ఒక్కొక్కటే వంగాయి. ఆ నవ్వు నిజంగా ఎంతసేపుందో గాని, అక్కడ కూర్చున్నవాళ్ళకి అది తెగలేదు.

దాని చివర బ్యాటు వచ్చి తగిలిన చప్పుడు. అప్పుడు తెగింది.

మామెర్తో లేచాడు, పూల గుడ్డ సర్దుకుంటూ. "నేనూ నవ్వానండీ," అన్నాడు. "నోరు తెరిచి నవ్వుతుంటేనే తగిలింది. ఎముక వాడు విరగ్గొట్టాడు, అది నిజం. దానికి శిక్ష ఉండాల్సిందే. కానీ జీవితమంతా అంటే... మరి మా సంగతేంటి?"

పెద్దమనిషి టోపీ బల్ల మీద పెట్టాడు. "నీకేం కావాలో చెప్పు," అన్నాడు.

"ఈ చెయ్యి పనికొచ్చేదాకా, వచ్చే ఏడాది ఆటలన్నిటికీ, నా పల్లీల బుట్ట వాడు మొయ్యాలి."

ఓస్నియెల్ తలూపాడు. తర్వాత ఎవరూ అడగకుండానే అన్నాడు, "ఆ తర్వాత మీరు మళ్ళీ ఆడమంటే... మీరెవరూ మండించకపోతే నేను కొట్టగలనో లేదో నాకే తెలీదు. ఎప్పుడూ చూసుకోలేదు."

అలాగే జరిగింది. ఒక్క ఏడాది ఆట లేదని, ఆ తర్వాత ఆడొచ్చని కమిటీ రాసింది. ఆ ఏడాదంతా అతను మెడలో బుట్ట వేలాడేసుకుని, "పల్లీలు, వేడి పల్లీలు" అంటూ వరసల మధ్య తిరిగాడు. అంత పొడుగు మనిషి, మోకాళ్ళు తగలకుండా ఒదిగి ఒదిగి నడిచేవాడు. పొట్లం తీసుకునేవాళ్ళు అతని చేతిని చూసేవారు గాని మొహం చూసేవారు కాదు. ఆర్సెనియో పళ్ళు లేకపోయినా ప్రతి ఆటకీ కొనేవాడు. ఎనెయిదా మొదట్లో మైదానానికి రావడం మానేసింది. కానీ వాన పడితే మాత్రం వచ్చేది. ధారలో క్రెసెన్సియోకి జవాబు చెప్పి, ఇదివరకటిలా లేచి పోకుండా, జల్లు పడేదాకా కూర్చునేది. తన మాట తను వినేది, నవ్వు తెగేదాకా వినేది. ఒకసారి అలా కూర్చుని ఉండగా ఓస్నియెల్ వచ్చి పక్కన పొట్లం పెట్టాడు.

"ఆటలకి రండి పిన్నీ," అన్నాడు. "మీ చోటు ఖాళీగా ఉంటే అందరూ దాన్నే చూస్తున్నారు. నాకు బుట్ట మొయ్యడం కష్టంగా ఉంది."

ఆ పై ఏడాది అతను మళ్ళీ బ్యాటు పట్టాడు. మునుపటిలా గోడ దాటిన బంతులు లేవు. చిన్న దెబ్బలు, శుభ్రమైనవి, ఇద్దరి మధ్య సందులోంచి పోయేవి. కిటికీలు మూసుకునే పని ఇక లేదు. బల్ల దగ్గర కొందరికి అది మింగుడు పడలేదు. "కోపం పోయింది, దెబ్బా పోయింది," అని గొణిగేవారు. చూసింది చెప్పమనేది ఎనెయిదా. వాళ్ళు చెప్పేవారు.

మళ్ళీ ఆఖరి ఆట వచ్చింది. మళ్ళీ మూడు బేస్‌ల మీదా మనవాళ్ళే. ఓస్నియెల్ రెండు బంతులకి గాలిని కొట్టాడు. స్టాండు అంతా నిశ్శబ్దం. ఎనెయిదా గొంతులో దురద. పక్కన ఆర్సెనియో చుట్టని వేళ్ళతో నలిపేస్తున్నాడు, తిబుర్సియో రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అందరి నోళ్ళలోనూ ఏదో ఉంది. ఓడిపోతామేమో, ఒక్క మాట, చిన్న మాట, చెవుల గురించైనా సరే. పైన ఎండకి జింకు రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి, వింటూ. అందరూ ఒకసారి పైకి చూశారు.

ఓస్నియెల్ బ్యాటు భుజానికెత్తాడు. స్టాండు వైపు చూడలేదు. బంతి విసిరేవాడి చెయ్యి వెనక్కి వెళ్ళింది.

మీరూ ఇక్కడే, ఈ వరసలోనే, ఈ కప్పు కిందే కూర్చుని ఉన్నారు. మీ నోటి దాకా వచ్చిన మాట ఏమిటి?